ఫొటోలో చీర

ఆరోగ్యమ్మ పార్శిల్ కవరులోంచి చీర తీసి బెంజిమిన్ చేతిలో పెట్టింది. నరసరావుపేటలో వాళ్ళవి పక్కపక్క ఇళ్ళు. వచ్చే వారం ఆమె మనవరాలి పెళ్ళి. పెళ్ళికి కట్టుకుందామని ఫోన్లో చూసి తెప్పించుకున్న చీర అది.

"మంగళగిరి పట్టని రాశాడయ్యా. ఇదేంది, దోమతెరకన్నా అధ్వానంగా ఉంది."

అమ్మినవాడు వాపసు తీసుకోనంటున్నాడట. బెంజిమిన్ ఆమె ఫోను తీసుకుని ఆ చీర పేజీ తెరిచాడు. మామిడిపండు రంగు చీర, ఎర్ర అంచు. కట్టుకున్న మనిషి మెడ నుంచి పాదాల దాకానే ఉంది ఫొటోలో.

"మోడల్ కట్టిన చీర పిన్నీ ఇది. ఆ కుచ్చిళ్ళు చూడు, ఒక్కటి చెదరలా. ఆ నిలబడటంలోనే ఉంది దర్జా అంతా. మన ఇళ్ళల్లో ఆడోళ్ళకి అట్టా కట్టడం ఎక్కడొస్తది?"

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న అతని భార్య దయామణి వచ్చి ఫోనులోకి తొంగిచూసి, మళ్ళీ చెప్పమంది. అతను ఇంకాస్త వివరంగా చెప్పాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ టీ పెట్టడానికి లోపలికెళ్ళింది.

బెంజిమిన్ పార్శిల్ మీదున్న నంబరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. అమ్మినవాడు తొణకలేదు. ఫొటోలో చీరే పంపామన్నాడు. ఆ ఫొటో తాము దగ్గరుండి తీయించిందేనన్నాడు.

"తేడా చీరలో లేదు సార్. కట్టుకునే మనిషిలో ఉంటది."

ఆరోగ్యమ్మ ముఖం చిన్నబోయింది. బీరువాలో ఉన్న పాతదే కట్టుకుంటాలే అంటూ చీర మడిచి లేవబోయింది.

దయామణి టీ గ్లాసులు బల్ల మీద పెట్టి, ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది. "ఆగు పిన్నీ. ఆ ఫోనిట్టా తే."

తన ఫోన్లోంచి ఏదో ఫొటో ఆ ఫోనుకు పంపుకుంది. దాన్ని జతచేసి, షాపింగ్ యాప్ వాళ్ళకి ఫిర్యాదు రాసింది. ఏం రాశావని బెంజిమిన్ అడిగితే, ఉన్నమాటే రాశానంది.

మర్నాటి సాయంత్రానికి ఆ చీర పేజీ మాయమైంది. డబ్బు వెనక్కి వచ్చిందని ఆరోగ్యమ్మ పరుగున వచ్చి చెప్పింది. అమ్మినవాడే ఫోన్ చేసి క్షమించమన్నాడట. పెళ్ళికి చీర మాత్రం ఇంకా లేదని నవ్వింది.

దయామణి లోపలికి వెళ్ళి ఒక చీర తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. మామిడిపండు రంగు, ఎర్ర అంచు. ఆరోగ్యమ్మ దాన్ని చెంపకు ఆనించుకుంది.

బెంజిమిన్ తెల్లబోయాడు. "అచ్చం ఆ మోడల్ కట్టిన చీరలాగానే ఉందే. ఇది మనింట్లోకి ఎప్పుడొచ్చింది?"

దయామణి ఫిర్యాదుకు జతచేసిన ఫొటో తెరిచి ఫోను అతని వైపు తిప్పింది.

పోయిన ఈస్టర్‌నాడు చర్చి మెట్ల మీద బెంజిమినే తీసి ఫేస్‌బుక్‌లో పెట్టిన ఆ ఫొటోలో, మెడపైన దయామణి ముఖం కూడా ఉంది.