అన్నయ్య గొంతు

"వద్దు," అంది మెషీన్.

డాక్టరు మళ్లీ అడిగాడు. "గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెడితేనే ఇక ఊపిరాడుతుంది. పెట్టమంటారా?"

"వద్దు."

వదిన మంచం కోడు పట్టుకుని కూలబడిపోయింది. చెల్లెలు మాత్రం గబగబా వెళ్లి అన్నయ్య నుదుటికి అంటించిన బిళ్ల ఊడదీసింది.

"దీని మాట పట్టించుకోకండి డాక్టరుగారూ. నిన్ననే బోర్డు మార్చాను. ఎక్కడో తేడా కొడుతోంది."

"మరి ఆయన మనసులో మాట మాకెలా తెలుస్తుందమ్మా? చూపు కూడా నిలవట్లేదు. ఆ నుదుటి కదలిక మా కంటికి ఆనదు."

"కాస్త టైమివ్వండి. చూస్తాను."

"సాయంత్రం దాకా చూడండి. ఆ తర్వాత ప్రాణానికే ముప్పు. అప్పటికీ బాగవకపోతే ఆయన తరఫున మీ వదినగారే చెప్పాలి."

చెల్లెలు మెషీన్ని గుండెకి హత్తుకుని, పనిముట్ల సంచితో ఆసుపత్రిలోని పక్క గదిలోకి వెళ్లింది.

చేతులు ఆడుతున్న రోజుల్లో, నుదుటి కదలికని మాటగా మార్చేలా అన్నయ్యే చేసుకున్నాడు దాన్ని. ఒక్కో కండరమూ చచ్చుబడిపోయే జబ్బని తెలిసిన వారానికే మొదలుపెట్టాడు. లోకమంతా వాడే ప్రాసెసర్ కాదు, ఎవరికీ పట్టని ఒక వింత రకం ఎంచుకున్నాడు. కరెంటు బొత్తిగా తినదని మురిసిపోయేవాడు. అది తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. రాసిన ప్రోగ్రామ్‌ని దాని భాషలోకి మార్చే కంపైలర్ కూడా దొరక్కపోతే అన్నాచెల్లెళ్లిద్దరూ పోట్లాడుకుంటూ రాసుకున్నారు. పక్కకి మళ్లమని ఆజ్ఞ ఇచ్చినా, వరసలో ఉన్న తర్వాతి పని ఒకటి చేసేసి గానీ మళ్లదా ప్రాసెసర్.

"అచ్చం నీలాగే. చెప్పినా ఆగదు," అని ఏడిపించేవాడు అన్నయ్య.

ఇప్పుడు ఆ బోర్డు ఆమె ముందు బల్ల మీద ఉంది. మీటర్ పెట్టి వోల్టేజీ చూసింది. అతుకులన్నీ ఒక్కొక్కటే మళ్లీ కాచింది. పాత బోర్డు తెచ్చి తగిలించింది. ప్రోగ్రామ్‌ని పాత కంపైలర్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి కంపైల్ చేసింది. ప్రతిసారీ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, మీట నొక్కి పొద్దున అన్నయ్య ఇచ్చిన సంకేతాన్నే మళ్లీ నడపడం, వినడం, మళ్లీ మొదలుపెట్టడం. ఎక్కడో ఒకచోట, ఒక్కటంటే ఒక్క తప్పు దొరికితే చాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

వదిన తలుపు దగ్గరికి వచ్చింది.

"దొరికిందా చిట్టీ?"

"లేదు వదినా."

"నిజంగానే వద్దన్నారేమోనే?"

"ఏం మాటలు వదినా అవి! ఈ ప్రాసెసర్ సంగతి నీకు తెలీదు. కంపైలర్ ఒక్క ఆజ్ఞని ముందువెనకలు చేసిందంటే సరే అన్నది కాస్తా వద్దు అయిపోతుంది."

"అంటే సరే అన్నారంటావా?"

ఆమె తలెత్తలేదు. "టంకం పొగ వస్తోంది, నువ్వెళ్లి అన్నయ్య దగ్గర కూర్చో," అంది.

"ఆ మెషీన్ లేకపోతే ఆయన మాట పూర్తిగా మూగబోయిందే. దాహమైనా చెప్పలేరు."

"తెలుసు వదినా."

కిటికీలో వెలుగు ఎర్రబడింది. లోపలి నుంచి అన్నయ్య ఊపిరి గురగుర వినిపిస్తోంది. ఒక్కోసారి ఆ చప్పుడు ఆగిపోతే ఆమె చేతిలో పని కూడా ఆగిపోతోంది.

డాక్టరు వచ్చాడు. "ఏమైందమ్మా?"

"నా వల్ల కాలేదండీ," అంది. "అది చెప్పేది నమ్మడానికి లేదు."

డాక్టరు వదిన వైపు తిరిగాడు. వదిన ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు.

"పెట్టండి డాక్టరుగారూ. ఆయన బతకాలి నాకు."

మంచాన్ని ఆపరేషన్ గదికి తోసుకుపోతుంటే అన్నయ్య కళ్ల చివర్ల నుంచి నీళ్లు దిండు మీదికి జారాయి.

"చూశావా, భయపడుతున్నారు. నీ మాటంటే ఆయనకి ధైర్యం. ఏదైనా చెప్పవే," అంది వదిన.

ఆమె వంగి చీరకొంగుతో ఆ నీళ్లు తుడిచింది.

"నేనున్నాను కదా అన్నయ్యా," అంది.

తలుపులు మూసుకున్నాయి. వదిన ఆమె భుజం మీద తల వాల్చి, "పోనీలే, రోజంతా నీ కష్టం నువ్వు పడ్డావు," అంటూ వెన్ను నిమిరింది.

మెషీన్ బాగానే ఉందని ఆమెకి పొద్దున్నే తెలుసు.