ఐదు వాట్లా, పదిహేనా?

"ఐదు వాట్లా!" మేరాజ్ బీ బియ్యం చెరుగుతున్న చేట కింద పెట్టింది. "రేయ్ ఖలీలూ, మన బాత్రూం బల్బే తొమ్మిది వాట్లురా. నోర్మూసుకొని పెద్దది తీసుకో."

"బల్బుకూ దీనికీ సంబంధం లేదమ్మా. జాజ్‌కు అరుపు కాదు, మెత్తదనం కావల్ల" అన్నాడు ఖలీల్.

అతని ముందు రెండు గిటార్ ఆంప్లిఫయర్లు ఉన్నాయి. రాయదుర్గం రేడియో మెకానిక్ రామప్ప పాత రేడియో వాల్వులు ఏరుకొచ్చి కట్టినవి. ఒకటి ఐదు వాట్లు, ఒకటి పదిహేను. ఖలీల్ వద్దన్నదాన్ని, గుమ్మఘట్ట చర్చిలో గిటార్ వాయించే జయచంద్ర సాయంత్రం ఐదింటికి వచ్చి తీసుకుపోతాడు. ఆలోగా తేల్చుకోవాలి. ఆదివారం అనంతపురంలో ఒక కాలేజీ హాల్లో ఖలీల్ మొట్టమొదటిసారి జనం ముందు జాజ్ వాయించబోతున్నాడు. తాను కటింగ్ మాస్టరుగా పనిచేసే జీన్స్ యూనిట్‌లో ప్రతి మిషను దగ్గరికీ పోయి ఆ సంగతి చెప్పి వచ్చాడు కూడా.

గోడవారన అతని భార్య ఫరీన్ చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ఆ గదిలో పెద్ద ప్లగ్గు పట్టే సాకెట్టు ఒక్కటే. దాన్నుంచి సన్నటి పాత వైరుతో లాగిన ఎక్స్‌టెన్షన్ బాక్సులోనే ఇస్త్రీ పెట్టె, అందులోనే ఆంప్లిఫయర్.

ఖలీల్ చిన్నదానికి గిటార్ తగిలించి మీటాడు. వేడి సంగటి మీద నెయ్యి కరిగినట్టు వచ్చింది స్వరం.

"ఇదే! ఇంక చూసేదేం లేదు."

"రెండో సంబంధం చూడకుండానే తాంబూలాలు మార్చుకుంటావా?" అన్నాడు తండ్రి జిలాన్ బాషా, మంచం మీద నుంచి లేవకుండానే.

పెద్దదానికి తగిలించాడు. కంచు చెంబు బండ మీద పడ్డట్టు మోగింది.

"విన్యావా నాయనా?" అని గెలిచినవాడిలా మళ్లీ మీటాడు. ఈసారి నెయ్యి కరిగింది.

ఖలీల్ ముఖం మారిపోయింది. గబగబా చిన్నదానికి మార్చాడు. రేకుల మీద రాళ్లు పడ్డట్టు వచ్చింది.

"ఇందాక మెత్తగా పాడింది ఈ ముండేనా?" అంది మేరాజ్ బీ.

అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు మార్చాడు. ఒకసారి ఇది తీపి, ఒకసారి అది తీపి. ఒక్కోసారి రెండూ చేదే.

"డబ్బాల్లో ఏం లేదప్పా. తప్పు నీ చేతిలో ఉండాదేమో" అన్నాడు జిలాన్ బాషా.

ఆ మాటతో ఖలీల్ తన వేళ్లను తిప్పి తిప్పి చూసుకున్నాడు.

ఫరీన్ మాత్రం చొక్కా కాలరు మడతలోంచి తల ఎత్తకుండా, "ఇంకోసారి వాయించు" అంది. వాయించాడు. చొక్కా మీద నీళ్లు చిలకరించి, "ఇంకోసారి" అంది. తర్వాత ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, "ఇంకొక్కసారి" అంది. చొక్కా మడిచి పెట్టుకుంది.

సరిగ్గా ఐదింటికి బయట బండి ఆగింది. జయచంద్ర గుమ్మంలోంచే అడిగాడు. "అన్నా, నాది ఏదన్నా?"

ఖలీల్ దిక్కులు చూశాడు. ఆ దిక్కుల్లో ఫరీన్ ఉంది.

"చిన్నది ఉంచుకుందాం" అంది.

"ఎందుకే? నీకు తేడా తెలిసినాదా?"

"తేలిగ్గా ఉండాది. ఆదివారం బస్సులో నేను గూడా ఒక సంచి మోయల్ల గదా."

"జాజ్‌కు ఎవరన్నా బరువు చూసి కొంటారా!" అని ఖలీల్ నెత్తి కొట్టుకునేలోగా పదిహేను వాట్లది జయచంద్ర బండెక్కేసింది.

ఆదివారం కార్యక్రమానికి అరగంట ముందు, స్టేజీ మీద ఖలీల్ ప్లగ్గు పెట్టి మీటి చూసుకున్నాడు. రేకులు, రాళ్లు. ఇంకోసారి మీటాడు. ఇంకొన్ని రాళ్లు.

"పాయె. మంచిది ఆ జయచంద్ర ఎత్తుకపోయినాడు. యూనిట్ వాళ్లంతా ముందు వరసలోనే కూచోని ఉండారు ఫరీన్. రేపు ఏ ముఖం పెట్టుకొని కత్తెర పట్టుకునేది?"

"ముందు ఆ ప్లగ్గు పీకు" అంది ఫరీన్. తన సంచి విప్పింది. మొదట ఇంట్లోని ఎక్స్‌టెన్షన్ బాక్సు బయటికొచ్చింది. తర్వాత ఇస్త్రీ పెట్టె. ఆఖరున కవరులో చుట్టిన నాలుగు తడి చొక్కాలు.

ఖలీల్ నోరు తెరిచాడు.

"ఈ ఇస్త్రీ పెట్టె ఎర్ర లైటు వెలిగినంతసేపూ కరెంటంతా ఇదే లాగుతాది. ఈ సన్న వైర్లో నీ డబ్బాకు తక్కువ మిగుల్తాది. అది సగం కడుపుతో ఉన్నప్పుడే మెత్తగా పాడేది. లైటు ఆరినాదా, రాళ్లే. ఆ రోజు రెండు డబ్బాలూ చేసింది అదే."

"మరి ఆ పొద్దే చెప్పకూడదా?"

"చెప్పుంటే ఇంకో ఎనిమిదిసార్లు వాయించి చూస్తావు. నాకు వంట పని ఉండె."

ఇస్త్రీ పెట్టె, ఆంప్లిఫయర్ రెండూ ఆ బాక్సుకే తగిలించింది. ఎర్ర లైటు వెలిగింది. ఖలీల్ భయం భయంగా మీటాడు. హాలంతా నెయ్యి కరిగింది.

"కానీ కాసేపటికి లైటు ఆరిపోతాది గదే?"

"తడి గుడ్డ మీద ఆడిస్తాంటే పెట్టె చల్లబడతా ఉంటాది, లైటు అంత తొందరగా ఆరదు. నాలుగు పాటలకు నాలుగు చొక్కాలు తెచ్చినా."

అప్పుడే పేర్లు చదవాల్సిన అమ్మాయి నందిని కాగితం, పెన్నుతో పరుగెత్తుకొచ్చింది. "సార్, గిటార్ మీరు. మరి మేడం గారు?"

స్టేజీ మీది బల్లపై మొదటి చొక్కా పరుస్తూ ఫరీన్ చెప్పింది. "రాసుకోమ్మా. గిటార్ ఖలీల్, ఇస్త్రీ ఫరీన్."