గడ్డం సవతి

"నేను గీత కాడ పండుకుంట. ఎదురుచూడకు."

అంతే, రాయమల్లు ఫోన్ పెట్టేశాడు. జమున చేతిలో తునికాకు రెండుగా చిరిగింది. మరమగ్గాల కార్ఖానాలో సాంచాలు నడుస్తుండగా ఫోన్ చేస్తే మాట సగమే చెవికి చేరుతుంది. మిగతా సగం అనుమానం నేసుకుంటుంది.

"ఎవతె అత్తా, గా గీత?" అంది, పక్కన కూర్చుని బీడీలు చుడుతున్న పొరుగింటి కిష్టవ్వతో.

కిష్టవ్వకు నవ్వాగలేదు. "గీత గాదే పిచ్చిదానా, పీఠం. నీ మొగడు పొద్దుగాల కొండగట్టు అంజన్న మాలేసుకున్నడు. దీక్ష అయ్యేదాక స్వాములంత పీఠం కాడ్నే పండుకుంటరు. నీకు చెప్పలేదా?"

"పెండ్లానికి చెప్పకుంట ఎవలన్న మాలేసుకుంటరా?"

"ఏమో తల్లీ. తోడుకు అరుణ్‌కుమార్ గూడ ఏసుకున్నడట."

జమున బీడీల చాట పక్కకు నెట్టింది. గీత అయినా బాగుండేది. కొప్పు పట్టుకుని అడిగేది. అరుణ్‌కుమార్‌కు కొప్పెక్కడిది?

అరుణ్ అంటే సిద్దిరాములు తమ్ముడు. సిద్దిరాములుది రాయమల్లు పక్క సాంచాల మీదే పని. ఒక్క చాయ్‌ని ఇద్దరు తాగే దోస్తానా. నిరుడు సిద్దిరాములు తన ప్రాణం తానే తీసుకున్నాడు. అప్పటి నుంచి రాయమల్లు ఇంట్లో మాటలు పొదుపు చేశాడు. ఈ మధ్య ఆ పొదుపంతా అరుణ్ ఖాతాలో పడుతోంది.

అరుణ్ తన షిఫ్టు వదిలి రాయమల్లు షిఫ్టుకే మారాడు. చాయ్‌కి ఇద్దరూ, సద్దికి ఇద్దరూ, వారం వారం కరీంనగర్‌కూ ఇద్దరే. ఏం పని అని అడిగితే "పనుంటది" అనేది జవాబు. వీటన్నింటికంటే గడియారం సంగతి జమునకు ఎక్కువ మండింది. పెండ్లిలో ఆమె బాపు పెట్టింది, స్నానానికి తప్ప రాయమల్లు ఎన్నడూ విప్పనిది, పోయిన నెల అరుణ్ చేతిలో పెట్టి వచ్చాడు.

"ఎందుకిచ్చినవ్?"

"ఊకెనే."

సవతులకు మీసాలు కూడా ఉంటాయని జమునకు ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు దానికి గడ్డం కూడా తోడైంది. దీక్ష ఆయనది, భిక్ష స్వాములది, శిక్ష మాత్రం ఈమెది. కార్ఖానాకైనా ఓ పూట సెలవుంటుంది, అసూయకు షిఫ్టులే లేవు. స్వాముల గడ్డాల కంటే జోరుగా పెరిగింది. ఒక మధ్యాహ్నం ఇక తట్టుకోలేక పీఠానికి నడిచింది.

పీఠం అంటే గుడి పక్క రేకుల షెడ్డు. స్వాములు విస్తరాకుల ముందు కూర్చున్నారు. అరుణ్ తల్లి చంద్రవ్వ వడ్డిస్తోంది. గోడకు ఆనించి రాయమల్లు చాప ఉంది, తలుపుకు అడ్డంగా అరుణ్ చాప. రెండింటి మధ్య ఎంత ఎడముందో జమున కళ్ళతోనే కొలిచింది. జానెడు కూడా లేదు.

"కూసో మాతా" అన్నాడు రాయమల్లు, విస్తరి మీంచి చూపు ఎత్తకుండా.

"మాతనే. నీ ఇద్దరు పిల్లలకు."

ఎవరో స్వామి నవ్వబోయి అన్నం గొంతుకు అడ్డం పడి దగ్గాడు.

"వదినా, జర నిమ్మళంగ..." అంటూ అరుణ్ లేచాడు.

"నువ్వు నడుమల రాకు సామీ. కొబ్బరికాయ కొట్టరా అంటే చట్నీకా అని అడిగెటోనివి. నీకు భక్తి ఎప్పటిసంది?"

"మొన్నటిసందే."

"దేవుని మీదనా, మా ఆయన మీదనా? మా బాపు పెట్టిన గడియారం ఏది?"

అరుణ్ భుజానికున్న సంచి పట్టుకుని లాగింది. గడియారం కింద పడింది. దాని వెనకే మందు గోలీల అట్టలు. అరుణ్ గడియారం జోలికి పోలేదు. గోలీలు మాత్రం గబగబా ఏరి కండువాలో మూటగట్టుకున్నాడు.

చంద్రవ్వ చేతిలోని గరిటె కింద పెట్టింది.

"కరీంనగర్‌ల డాక్టరు రాసిండు బిడ్డా. దినాం ఒక్కటే చేతికియ్యాలె, అట్ట ఇయ్యొద్దన్నడు. మనిషిని ఒక్కన్ని ఇడువొద్దన్నడు, పండుకున్నప్పుడు గూడ. ఇంట్లుంటే గది తలుపు పెట్టుకుంటడని ఇక్కడికి తోలుకొచ్చినం. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుండు."

జమునకు ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. దేవుణ్ణి చట్నీలో కలిపే పిల్లగాడు మాల ఎందుకు వేసుకున్నాడో, వారం వారం కరీంనగర్‌లో ఏం పనుందో. అన్న పోయాక తమ్ముడి మనసు ఎటు పోతోందో తాను ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆ పిల్లగాణ్ణి సవతిని చేసి తిట్టుకుంది.

"ఒక్క మాట చెప్తే నేనేమన్న రాక్షసినా చంద్రవ్వా?" అరుణ్ వైపు తిరిగింది. "అరుణ్, మా ఆయనను తోడుంచుకో. ఎన్ని దినాలైనా సరే. సద్ది నేనే పంపుత, ఇద్దరికి."

అంతా ఇచ్చేసినా అసూయ చివరి పోగు మాత్రం తెగలేదు. వంగి గడియారం తీసుకుంది.

"గిది మాత్రం ఇయ్య. గిది మా బాపుది."

"తీస్కపో వదినా. నేను ఒక్క దినం గూడ పెట్టుకోలే. దాసిపెట్టిన" అన్నాడు అరుణ్.

చంద్రవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మా పెద్దోడు గూడ పోయే ముంగట గిట్లనే చేసిండు. ఇష్టమున్నయన్ని ఒక్కొక్కటి పంచిండు. అంగీ ఒగలకు, సైకిల్ ఒగలకు. గప్పుడు నాకు ఎరుకగాలే."

జమున అరచేతిలో గడియారం నడుస్తూనే ఉంది. ఆమె అరుణ్ వంక చూసింది. అరుణ్ ఆమెను చూడటం లేదు. రాయమల్లు విస్తరి ముందు నుంచి లేచి వచ్చాడు. ఎన్నో రోజుల తర్వాత ఆమె కళ్ళలోకి చూశాడు.

"కాపలా అరుణ్‌కు గాదు జమునా, నాకు."