గ్రాండ్ టెస్టుకు ముందు రోజు

హాస్టల్ గేటు ముందు ఆగి, లక్ష్మయ్య తలకు చుట్టుకున్న తువ్వాలను మరోసారి సరిచేసుకున్నాడు. చెవుల మీదికి లాగి అంచులు లోపలికి దోపుకున్నాడు. పొద్దున గొరిగించుకున్న గుండు ఏ మూలా బయటపడకూడదు.

కొడుకు హరీష్ కోదాడలోని ఈ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. రేపు గ్రాండ్ టెస్టు. అంటే అసలు ఎంసెట్ కాదు, దానికి ముందు కాలేజీవాళ్లు పెట్టే ఉత్త ప్రాక్టీసు పరీక్ష. అయితేనేం, అందులో వెనకబడ్డవాణ్ణి స్టార్ బ్యాచ్ నుంచి తీసి మామూలు సెక్షన్‌లో పడేస్తారు. అక్కడ పడ్డవాణ్ణి ఇక పట్టించుకునే నాథుడుండడు.

"గ్రాండ్ టెస్టు అయ్యేదాక ఇంటి ముచ్చట్లేవీ పిల్లల చెవినెయ్యకుండ్రి" అని ఫిజిక్స్ చెప్పే మహేందర్ సారు తల్లిదండ్రులందరికీ వాట్సాప్‌లో మెసేజీలు పెట్టి మరీ చెప్పాడు.

లక్ష్మయ్య ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాడు. తన తల్లి సుక్కమ్మ చనిపోయిన సంగతి కొడుక్కి చెప్పలేదు.

మంచాన పడ్డాక ఆమె కోరింది ఒక్కటే.

"హరిగాన్ని ఒక్కపారి సూపియ్యి కొడుకా."

"పరీక్ష అయినంక తోలుకొస్తనే అమ్మా."

ఆమె అందాకా ఆగలేదు. ఆఖరి చూపుకైనా లక్ష్మయ్య కొడుకుని పిలవలేదు. మనవడేడని తమ ఊరు ఆత్మకూరులో అడిగినవాళ్లందరికీ "పరీక్షలున్నయి" అన్నాడు. ప్రాక్టీసు పరీక్ష అని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. మేనల్లుడు ఉండబట్టలేక లక్ష్మయ్య ఫోన్‌లోంచే ముసలమ్మ ఫొటో వాట్సాప్ స్టేటస్‌గా పెడితే, వాణ్ణి తిట్టి తీయించాడు.

ఇవాళ ఆమె దినాలు. ఇంటి నిండా చుట్టాలు. భోజనాలు నడుస్తుండగానే మేనత్త ఒక టిఫిన్ క్యారియర్ తెచ్చి లక్ష్మయ్య చేతిలో పెట్టింది.

"చెప్తె చెప్పు, చెప్పకుంటె మానె. మనుమడు ఒక్క ముద్దన్న తినాలె. లేకుంటె ముసల్దాని పానం ఊకోదు."

అలా బయలుదేరి వచ్చాడు.

హరీష్ గబగబా నడుచుకుంటూ వచ్చాడు. నెత్తిమీద టోపీ.

"టోపీ ఏందిరా?"

"ఎండకు తలనొస్తంది నాయినా. రేపు పరీక్ష గద."

"మంచి పని చేసినవ్. నేను గూడ గందుకే తువ్వాల సుట్టుకున్న."

ఎండకు భయపడటంలో తండ్రికి తగ్గ కొడుకే. ఇద్దరూ కాంపౌండ్ గోడ పక్కన నీడలో కూర్చున్నారు. లక్ష్మయ్య క్యారియర్ విప్పాడు.

"మటన్. మీ అమ్మ వండింది. రేపు పరీక్ష గదా, జర బలముంటదని."

హరీష్ చేతులు కడుక్కొచ్చాడు. అన్నంలో కూర కలిపి, మొదటి ముద్ద తీసి గోడ మీద పెట్టాడు.

"గదేందిరా?"

"పిల్లి వస్తది నాయినా. పాపం, ఆకలిమీదుంటది."

తర్వాత తలవంచుకొని తినసాగాడు. ఎప్పుడూ సగం వదిలేసేవాడు ఇవాళ ఒక్క మెతుకు వదల్లేదు. వాడు తిన్నంతసేపూ లక్ష్మయ్య వాడి ముఖంలోకి చూడలేకపోయాడు. ఎవరి దినాల అన్నమో తెలియనీయకుండా కన్నకొడుక్కి తినిపిస్తున్నాను, నా అంత పాపాత్ముడు ఇంకొకడుండడు అనుకున్నాడు.

"మహేందర్ సారు మంచిగ చెప్తుండా?" ఏదో ఒకటి అడగాలని అడిగాడు.

"ఆ. స్టడీ అవర్ల పక్కన కూసోబెట్టుకొని లెక్కలన్ని చేపిస్తడు. నాకు సమజ్ కాకుంటె ఆయన ఫోన్‌ల వీడియోలు పెట్టి సూపిస్తడు."

"మరి రేపు?"

"రాస్త నాయినా."

లక్ష్మయ్య దారి పొడుగునా అబద్ధాలు కూర్చుకుంటూ వచ్చాడు. ముసలమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గాయని, నిన్ను రోజూ తలుస్తోందని, పొద్దున జొన్నరొట్టె తిన్నదని. ఎప్పుడొచ్చినా హరీష్ నోట వచ్చే మొదటి మాట "నాయనమ్మ ఎట్లున్నది?" అనే. వాణ్ణి పెంచింది ఆమే మరి.

ఇవాళ వాడు ఆ మాటే ఎత్తలేదు.

లక్ష్మయ్యకు మొదట బతికిపోయాననిపించింది. కాసేపటికి అదే వెలితిగా తోచింది. ఫార్ములాలు తలకెక్కి నాయనమ్మను మరిచిపోయాడా వీడు? కోపం కూడా వచ్చింది. కానీ ఎవరి మీద కోప్పడాలి? చదువు తప్ప ఇంకేదీ పట్టించుకోవద్దని నూరిపోసింది తనే. చావు కబురు కంటే ప్రాక్టీసు పరీక్ష ఎక్కువనుకున్నదీ తనే. ఇక వాణ్ణి అనడానికి నోరెక్కడిది?

స్టడీ అవర్ బెల్లు మోగింది.

హరీష్ క్యారియర్ గిన్నెలు కడిగి తెచ్చిచ్చాడు. వంగి తండ్రి కాళ్లకు దండం పెట్టాడు. ఎప్పుడూ లేనిది చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"లెవ్వురా, సారు తిడ్తడు."

"నువ్వు పరేషాన్ గాకు నాయినా. వేళకు తిను. అమ్మను జర మంచిగ సూసుకో."

"నాకేమైందిరా? నువ్వు మంచిగ రాయి, గది చాలు."

హరీష్ తలూపి లోపలికి నడిచాడు. లక్ష్మయ్య ఖాళీ క్యారియర్ పట్టుకొని గేటు దాటాడు. పోనీ, ఇప్పుడైనా పిలిచి చెప్పేద్దామా అనుకున్నాడు. ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు.

తరగతి గదిలోకి టోపీతో రానివ్వరు కాబట్టి మెట్ల దగ్గర ఆగి హరీష్ టోపీ తీశాడు. వాడి తల కూడా, అచ్చం లక్ష్మయ్య తలలాగే, నున్నగా గొరిగించి ఉంది.