గీతలు లేని పటం

"మద్రాసుకు లేవి పోతాడు" అన్నాడు ఆఫీసరు. "పటం మాత్రం నువ్వే గీయాల కంబన్నా. నీ చేతికి ఈ కర్నూల్లో సాటి లేదు."

కంబన్న కలం ఆగిపోయింది. పక్క బల్ల దగ్గర లేవి తలొంచుకుని కాగితాలు సర్దుకుంటున్నాడు.

కర్నూలు అప్పుడు ఆంధ్రకు కొత్త రాజధాని, ఆఫీసులన్నీ డేరాల్లోనే. చేపల శాఖ డేరాలో పటాలు గీసేది కంబన్నే. కర్నూలు పక్క కల్లూరులో పుట్టిన మనిషి. సముద్రాన్ని కంట చూసి ఎరగడు. అయినా ఇచ్ఛాపురం నుంచి తడ దాకా తీరంలోని ప్రతి వంపూ అతని వేళ్ళకు తెలుసు. సముద్రపు తాబేళ్ళ గుడ్లను జనం గంపలకొద్దీ ఎత్తుకుపోతున్నారు. ఒక రాష్ట్రం కాపాడి పక్క రాష్ట్రం వదిలేస్తే లాభం లేదని ఒరిస్సా, ఆంధ్ర, మద్రాసు అధికారులు మద్రాసులో సభ పెట్టుకున్నారు. ఆ వంకన సముద్రం చూడొచ్చని కంబన్న ఆరు నెలలుగా కాచుకున్నాడు. ఇంగ్లీషు బాగా మాట్లాడతాడని, నిన్నగాక మొన్న చేరిన లేవికి ఆ అవకాశం దక్కింది.

ఆ పూట కంబన్నకు అన్నం సయించలేదు. లేవి నవ్వితే ఒళ్ళు మండింది. కొత్త చెప్పులు కొనుక్కుంటే కడుపు రగిలింది.

పటంలో మూడు రాష్ట్రాల తీరమంతా ముద్దుగా దిద్దాడు. రాష్ట్రాల సరిహద్దు గీతలు మాత్రం వేయలేదు. ఎప్పుడూ మూలన రాసే తన పేరూ రాయలేదు. సరిహద్దుల కోసం తలలు పగలగొట్టుకుంటున్న రోజులవి. అంతమంది ముందు ఆ పటం విప్పితే లేవి పరువు గంగలో కలుస్తుంది. కలవనీ అనుకుంటూ చుట్టి చేతికిచ్చాడు.

"శానా బాగుంటాదిలే అన్నా" అన్నాడు లేవి, విప్పి చూడకుండానే.

పది రోజులకు ఆఫీసరు కేకేశాడు. కంబన్న కలం కింద పెట్టి పోయాడు.

"మొదటి రోజంతా మా తీరం, మీ తీరమని కొట్లాడినారంటప్పా. నీ పటం పరిస్తే ఎవరిది యాడ ముగుస్తాదో ఎవరికీ తెలీలేదు. ఒరిస్సా పెద్దాయన లేచి, కాన్పుకొచ్చే తాబేలుకు ఇదంతా ఒకటే పుట్టిల్లు అన్నాడంట. గుడ్లు పెట్టే నెలల్లో ముగ్గురూ కలిసి కాపలా పెడతారంట. పటం మూలన నీ పేరు చూసి, మళ్లీ సభకు నిన్నే పంపమని రాసినారు!"

ఆ పేరు రాసింది లేవి తప్ప ఇంకొకరు కాదు. సిగ్గుతో చితికిపోయి, తిన్నగా అతని బల్ల దగ్గరికి పోయాడు.

"లేవీ, నిన్ను నలుగుర్లో తిట్టించాలనే గీతలు ఎగ్గొట్టినా. కుళ్ళుతో చేసినా. మన్నించప్పా."

"తెలుసన్నా. రైల్లోనే విప్పి చూసినా."

"చూసి కూడా నా పేరు రాసినావే! ఎంత పెద్ద మనసప్పా నీది!" కంబన్న కళ్ళు తడిశాయి.

లేవి ముఖం పాలిపోయింది.

"ఆఫీసరు ఎప్పుడు చూసినా నీ చెయ్యే చెయ్యి అంటాడు గదన్నా..." అని గొణిగి, తలెత్తకుండానే అన్నాడు:

"తిట్లు నీకు పడాలనే రాసినా."