తెల్ల పేజీ

మబ్బు కమ్ముకొస్తోంది. కళ్లంలో మిర్చి ఆరబోసి ఉంది, తడిస్తే బూజే. కోల్డ్ స్టోరేజీలో చోటు ఆన్‌లైన్‌లోనే బుక్ చేసుకోవాలట. మా మరిది బుల్లయ్య పొద్దుటి నుంచి ట్రాక్టరు ఎక్కి, సిగ్నలు కోసం ఫోను పైకెత్తి నిలబడ్డాడు. బుకింగ్ పేజీ తెల్లగానే ఉంది.

చివరికి మా అమ్మాయి బిందు తన లాప్‌టాప్‌లో తెరిచింది. అప్పటికే చోటంతా నిండిపోయింది.

"సిగ్నలు కాదు బాబాయ్. నీ ఫోనులో బ్రౌజర్ పాతది. పేజీ కొత్త పద్ధతిలో రాశారు, దానికి చదవడం రాదు."

"ఆ ముక్క ఆ పేజీలోనే చెప్పి చావొచ్చు గదమ్మా!" అంటూ ఆయన చినుకుల్లో మిర్చి మీద కప్పే పట్టాల కోసం పరిగెత్తాడు.

నాకు ఒళ్లు మండింది. "పాత ఫోన్లలో కూడా తెరుచుకునేలా రాయకూడదటే?"

"రాయొచ్చమ్మా. పని ఎక్కువ. అలాంటి ఫోన్లవాళ్లు ఎంతమందిలే అని వదిలేస్తారు."

"ఛీ! అన్నం తినే మనుషులేనా?"

బిందు తల వంచుకుంది. "ఆ పేజీ రాసింది నేనేనమ్మా."

ఇవాళ శుక్రవారం. పొద్దున దీపం పెట్టి, మా అమ్మాయికి అన్నం పెడుతోందని ఆ లాప్‌టాప్‌కు నేనే కుంకుమబొట్టు పెట్టాను.

కొంగు తడిపి ఆ బొట్టు తుడిచేశాను.