గోడమీద పన్నెండు గీతలు

"పన్నెండు!" అన్నాడు వ్యాను డ్రైవరు.

వంటింటి గోడమీద అంతకుముందే ఎనిమిది పెన్సిలు గీతలున్నాయి. వాటి పక్కన మరో నాలుగు గీశాడు.

బల్లమీద రవాణా శాఖ ఉత్తరం తెరిచి ఉంది. పోస్ట్‌మ్యాన్ ఇప్పుడే సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చి వెళ్లాడు. బైపాస్ రోడ్డు, గురువారం పొద్దున, గంటకు తొంభై రెండు కిలోమీటర్లు. నాలుగు పాయింట్లు. కింద కళ్లు తిరిగే జరిమానా.

ఇదివరకైతే జరిమానా కట్టేసి చేతులు దులుపుకునేవాళ్లు. ఈ ఏడాది చట్టం మారింది. వేగంగా వెళ్లి పట్టుబడితే ప్రతిసారీ నాలుగు పాయింట్లు, పన్నెండు అయితే లైసెన్సు రద్దు. ఇరవై ఏళ్లుగా బేకరీ వ్యాను తోలడం తప్ప మరో పని ఎరగని మనిషికి అదెంత దెబ్బో వేరే చెప్పాలా?

ప్రెస్సులో పనికి బయల్దేరుతున్న భార్య చెప్పుల్లో కాలు పెట్టబోయి ఆగిపోయింది. ముఖం పాలిపోయింది.

"ఇదెప్పుడొచ్చింది?"

"ఇప్పుడే. ముందు రెండూ నువ్వు పోస్టు డబ్బాలోంచి తెచ్చిచ్చావు. ఇది తిన్నగా నా చేతికే వచ్చింది."

"నెమ్మదిగా వెళ్తున్నానన్నారుగా!"

"వెళ్తున్నాను! బడి దగ్గర మలుపులో నత్తకంటే నెమ్మదిగా పోతున్నానా లేదా? గురువారం బేకరీలో ఓవెన్ మొరాయించి రొట్టెలు ఆలస్యమయ్యాయి. బైపాస్ మీద ఒక్కసారి తొక్కాను. ఒక్కసారే!"

ముందు రెండు ఉత్తరాలూ ఆ మలుపు గురించే. కిందటేడు కూతురు చిట్టిని బడికి తీసుకెళ్తుంటే అక్కడే వ్యాను పల్టీ కొట్టబోయింది. పిల్ల మోచేతికి ఆరు కుట్లు పడ్డాయి. అప్పటినుంచి అతను ఇల్లు చేరేదాకా భార్య ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడేది. బతిమాలింది, ఏడ్చింది, వారం రోజులు మాట్లాడటం మానేసింది. "నాది చెయ్యి తిరిగిన డ్రైవింగే" అని అతను కొట్టిపారేశాడు. ఆమె వల్ల కానిది ఆ రెండు ఉత్తరాల వల్ల అయింది. అవి చూసి అతను ఎదురు మాట్లాడలేదు. ఆ మలుపులో వేగంగా వెళ్లని రోజంటూ ఉంటే కదా! జరిమానా మాత్రం 'తర్వాత తెలియజేస్తాం' అని ఉంది. ఆఫీసుకెళ్లి కనుక్కుంటానంటే, "అడక్కపోతే వాళ్లే మరిచిపోతారు, ఊరుకోండి" అని ఆమే ఆపింది.

అతను మూడు ఉత్తరాలూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. వ్యాను తాళాలు తీసుకున్నాడు.

"ఎక్కడికి?"

"యజమానికి తాళాలిచ్చి, ఇవన్నీ పట్టుకుని ఆఫీసుకెళ్తా. పన్నెండు అయ్యాక లైసెన్సు మనంతట మనం అప్పగించకపోతే జైలట." తాళాల వంక చూసుకున్నాడు. "రేపు తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వస్తే ఏం చెయ్యనే?"

ఆమె తలుపుకు అడ్డంగా నిలబడింది. "ఆ ఉత్తరాలు అక్కడ చూపించకండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"చూపించకపోతే వాళ్లకు తెలియదా ఏం? తప్పుకో."

"మీకున్నవి పన్నెండు కాదండీ. నాలుగే."

"భయంతో మతి పోయిందా? గోడమీద లెక్క కనపడటం లేదూ?"

ఆమె తడిగుడ్డ తీసుకుని గోడ దగ్గరికి వెళ్లింది. మొదటి ఎనిమిది గీతలనూ గట్టిగా రుద్ది చెరిపేసింది. సిరా మరకలున్న ఆ వేళ్లకు పెన్సిలు నలుపు కూడా అంటుకుంది.

"నీకెలా తెలుసు?" అన్నాడతను.

ఆమె గుడ్డ బల్లమీద పెట్టింది.

"ముందు రెండూ మా ప్రెస్సులో నేనే అచ్చు వేశాను."